గుండెయా, ఊపిరా? – హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ కథ



శస్త్రచికిత్స తప్పదని చెప్పినప్పుడు మన జమ్మికుంట ప్రాంతపు రోగులు కోతకు భయపడడం నేను తక్కువగానే చూశాను. మత్తుకే వారు ఎక్కువగా భయపడతారు. "మత్తు ఇస్తే గుండె ఆగిపోదు గదా, డాక్టర్ సాబ్?" అని అడుగుతారు. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినంత కాలం ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. అది అమాయకమైన ప్రశ్న కాదు. 130 ఏళ్లకు పైగా క్రితం ఇదే ప్రశ్నకు జవాబు కోసం లండన్ వైద్యులు, కలకత్తా ప్రభుత్వం, నిజాం ఖజానా ఒక్కచోట కూడవలసి వచ్చింది. ఆ చోటు మన హైదరాబాదే. అప్పుడు మన ప్రాంతం ఎలగందుల జిల్లాలో ఉండేది. ఆ ఖజానాలో మన పూర్వీకులు కట్టిన శిస్తు కూడా కొంత ఉండి ఉంటుంది.

ఈ కథను మన పత్రికలు అప్పుడప్పుడు గర్వంగా చెబుతుంటాయి. క్లోరోఫాం సురక్షితమని ప్రపంచానికి నిరూపించిన నగరం హైదరాబాదు అని రాస్తుంటాయి. గర్వించవలసినది ఇందులో ఉన్నమాట నిజమే కాని, అది ఆ నిరూపణ కాదు. ఎందుకంటే ఆ నిరూపణ తప్పు. అది ఎలా తప్పయిందో తెలుసుకోవడం, రోజుకు నూరుమంది రోగులను చూస్తూ కొత్త పరిశోధనలను తీరిక దొరికినప్పుడు నాలుగు పంక్తుల్లో చదువుకునే నేటి యువ వైద్యులకు చాలా అవసరమని నా అభిప్రాయం. సామాన్య పాఠకులకు కూడా ఇందులో పనికివచ్చే విషయాలున్నాయి.

కథ స్కాట్లండులో మొదలవుతుంది. 1847 నవంబరులో ఎడిన్‌బరో నగరపు ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం మత్తును వైద్య లోకానికి పరిచయం చేశాడు. అంతకు ఏడాది ముందే అమెరికాలో ఈథర్ వాడుకలోకి వచ్చింది. ఈథర్ ఘాటుగా ఉంటుంది, త్వరగా మండుతుంది, మత్తు నెమ్మదిగా ఎక్కుతుంది. క్లోరోఫాం తియ్యని వాసన గలది, నిప్పుకు అంటుకోదు, రుమాలు మీద కొన్ని చుక్కలు వేస్తే చాలు. డాక్టరు జేబులో సీసా వేసుకొని ఏ ఊరికైనా పోవచ్చు. కొద్ది వారాల్లోనే దాని పేరు ఐరోపా అంతటా మారుమోగింది.

మూడు నెలలైనా గడవకముందే మొదటి మరణం సంభవించింది. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర వింలటన్ అనే ఊరిలో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలికకు కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. ఆమె ముందునుంచే బాగా భయపడుతూ ఉంది. రుమాలు ముఖం దగ్గర పెట్టిన కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోయింది. కాలిగోరు కోసం వచ్చిన పిల్ల అలా పోవడం వైద్యులను కలచివేసింది. ఆమె భయపడిందన్న సంగతిని, మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందే ఇది జరిగిందన్న సంగతిని మీరు గుర్తుపెట్టుకోండి. అరవై ఏళ్లకు పైగా ఎవరికీ అర్థం కాని కిటుకు అక్కడే ఉంది.

ఆ మరణం తర్వాత వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. లండన్ పక్షానికి మూలపురుషుడు జాన్ స్నో. 1854లో బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపు కథతో కలరా మూలాన్ని చూపించిన స్నో ఈయనే. మత్తు ఇవ్వడమే ఆయన వృత్తి. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫాం ఇచ్చింది కూడా ఆయనే. గాలిలో క్లోరోఫాం పాలు ఎక్కువైతే గుండె హఠాత్తుగా స్తంభించిపోతుందని, అందుకే కొలిచి ఇవ్వాలని, నాడిని గమనిస్తూ ఉండాలని ఆ పక్షం వాదన. ఎడిన్‌బరో పక్షానికి పెద్ద జేమ్స్ సైమ్ అనే శస్త్రవైద్యుడు. నాడిని పట్టించుకోవద్దు, శ్వాసను మాత్రమే చూడండి, ముందు ఆగేది ఊపిరే, ఊపిరిని కాపాడితే గుండె తనంతట తానే నడుస్తుంది అన్నది ఆయన బోధ.

ఆ సైమ్ శిష్యుల్లో ఒకరు ఎడ్వర్డ్ లారీ. ఆ పేరు మన చెవిని పడగానే సరుకులు మోసే బండి గుర్తుకొస్తుంది గాని, మనిషి మాత్రం మహా పట్టుదల గలవాడు. 1885 నుంచి హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, నిజాం వైద్య పాఠశాలకు ప్రధానాచార్యుడిగా ఉన్నాడు. ఆ రెసిడెన్సీ భవనమే తర్వాత కోఠి మహిళా కళాశాల అయింది. ఆ పాఠశాలే తర్వాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో లారీ, ఆయన శిష్యులు వేలాది మందికి గురువు చెప్పిన పద్ధతిలోనే క్లోరోఫాం ఇచ్చారు. గుండె ఆగి చనిపోయిన రోగి తమ ఎదుట ఒక్కడూ లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని శాస్త్రంగా నిలబెట్టాలని ఆయన కోరిక.

1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించింది. పాట్రిక్ హెహిర్ అధ్యక్షుడు. వీధికుక్కలకు క్లోరోఫాం ఇచ్చి, ముందు ఆగేది ఊపిరా, గుండెయా అని గమనించారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందని తేల్చారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఈ ఫలితాన్ని నమ్మలేదు. 1880 నాటికే గ్లాస్గోలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ నియమించిన సంఘం, క్లోరోఫాం రక్తపోటును పడగొట్టి గుండెను బలహీనపరుస్తుందని ప్రయోగాలతో చెప్పి ఉంది. ఎక్కడో హైదరాబాదులో కుక్కల మీద చేసిన పనిని దానికి ఎదురుగా పెట్టడమేమిటన్నది వారి ధోరణి.

లారీ చేసిన తదుపరి పని నాకు చాలా ఇష్టం. ఆయన కోపగించుకొని ఊరుకోలేదు. మీకు నచ్చిన నిపుణుణ్ణి మీరే ఎంచుకొని పంపండి, ఖర్చులు నిజాం ప్రభుత్వం ఇస్తుందని లాన్సెట్‌కే కబురు పెట్టించాడు. 1,000 పౌండ్లు మంజూరయ్యాయి. మనల్ని విమర్శించినవారినే పిలిచి, మన డబ్బుతో, మన ప్రయోగశాలలో పరీక్షించమనడం నేటి పరిశోధన సంస్థల్లో కూడా అరుదు.

లాన్సెట్ పంపిన మనిషి సామాన్యుడు కాడు. సర్ అన్న బిరుదు ఇంకా రాని థామస్ లాడర్ బ్రంటన్. గుండె రోగులు ఈ పేరును తప్పక తెలుసుకోవాలి. 1867లో ఎడిన్‌బరో ఆసుపత్రిలో యువ వైద్యుడిగా ఉన్నప్పుడు, రాత్రిపూట గుండెనొప్పితో విలవిలలాడే రోగులను చూసి, రక్తం తీసినప్పుడు వారికి ఉపశమనం కలగడం గమనించి, రక్తనాళాల బిగువు తగ్గితే నొప్పి తగ్గుతుందేమోనని ఊహించాడు. ఎమైల్ నైట్రైట్ అనే ద్రవాన్ని గుడ్డ మీద వేసి వాసన చూపాడు. నిమిషంలోపు నొప్పి పోయింది. పన్నెండేళ్ల తర్వాత విలియం మరెల్ అదే దారిలో నైట్రోగ్లిసరిన్‌ను తెచ్చాడు. నేడు మీలో చాలామంది చొక్కా జేబులో పెట్టుకొనే, నాలుక కింద ఉంచుకొనే సార్బిట్రేట్ మాత్ర ఆ వంశంలోదే. (ఆ మాత్రను నిలబడి వేసుకోకండి. రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. కూర్చొని వేసుకోండి. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కు ఫోన్ చేయండి. లైంగిక సమస్యలకు వాడే సిల్డెనాఫిల్ వంటి మందులు వేసుకున్నవారు ఆ సంగతిని సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. ఈ రెండూ కలిస్తే ప్రమాదం.)

బ్రంటన్ క్లోరోఫాం గుండెకు చేటు చేయగలదన్న అభిప్రాయంతోనే ఓడ ఎక్కాడు. రెండవ కమిషన్‌కు లారీ అధ్యక్షుడు. బ్రంటన్‌తో పాటు భారత ప్రభుత్వం తరఫున సర్జన్ మేజర్ జెరాల్డ్ బామ్‌ఫర్డ్, నిజాం వైద్యశాఖ నుంచి డాక్టర్ రుస్తుంజీ సభ్యులు. 1889 అక్టోబరు 23న మొదలైన ప్రయోగాలు డిసెంబరు 18 వరకు సాగాయి. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు మొత్తం 490 జంతువులు. వాటిలో 120 జంతువుల రక్తపోటును యంత్రంతో నమోదు చేశారు. బ్రిటన్‌లో 1876 నాటి చట్టం జంతువులపై ప్రయోగాలకు కట్టడి విధించింది. నిజాం రాజ్యంలో అలాంటి చట్టం లేదు. లండన్‌లో సాధ్యం కాని సంఖ్య ఇక్కడ సాధ్యం కావడానికి అది కూడా ఒక కారణమని నేననుకుంటాను.

ఆ యంత్రం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తప్పు సగం అందులోనే దాగి ఉంది. దాని పేరు కైమోగ్రాఫ్. జర్మనీలో కార్ల్ లుడ్విగ్ 1847లో, అంటే సింప్సన్ క్లోరోఫాం వాడిన ఏడాదే, దీన్ని రూపొందించాడు. జంతువు ధమనిలో గొట్టం పెట్టి, దాన్ని పాదరసం నింపిన మానోమీటరుకు కలుపుతారు. పాదరసం మీద తేలే పుల్ల చివర ఒక ముల్లు ఉంటుంది. దీపపు మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము గుండ్రంగా తిరుగుతుంటే, ఆ ముల్లు రక్తపోటు ఎత్తుపల్లాలను తెల్లని గీతగా గీస్తుంది. మా తరం వైద్య విద్యార్థులందరికీ ఇది పరిచయమే. మొదటి ఏడాదిలో కప్ప కండరాన్ని కొక్కేనికి తగిలించి, ఇలాంటి మసి కాగితం మీదే గీతలు గీయించి, వార్నిష్ పోసి ఆరబెట్టి, రికార్డు పుస్తకంలో అంటించేవాళ్లం. చేతులకు, తెల్ల కోటుకు అంటిన మసి వారం రోజులైనా పోయేది కాదు.

పాదరసం బరువైనది. రక్తపోటు పెరిగిందా తగ్గిందా అన్నది అది చక్కగా చెబుతుంది. అంతకంటే సూక్ష్మంగా, గుండె కండరంలో ఆ క్షణాన జరుగుతున్న అలజడి ఏ రకానిదో అది చెప్పలేదు. గీత నేలకు పడిపోయినప్పుడు, గుండె నెమ్మదిగా అలసి ఆగిందా లేక లయ తప్పి గిలగిల కొట్టుకుంటూ రక్తాన్ని తోయలేకపోయిందా అన్నది ఆ మసి కాగితం మీద తెలియదు. మనిషి గుండె విద్యుత్తును లండన్‌లో ఆగస్టస్ వాలర్ 1887లోనే నమోదు చేశాడు గాని, ఐంతోవెన్ చేతిలో ఈసీజీ వైద్యులకు పనికొచ్చే రూపం దాల్చింది 1900 తర్వాతే.

డిసెంబరులో లాన్సెట్ కార్యాలయానికి హైదరాబాదు నుంచి బ్రంటన్ టెలిగ్రాం చేరింది. జంతువుల సంఖ్య, గీతలన్నింటికీ ఫొటోలు తీసిన సంగతి, చివరగా తీర్పు: క్లోరోఫాం ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల, నేరుగా గుండెకు ఏ ప్రమాదమూ లేదు. అనుమానించి వచ్చినవాడే ఇలా తీర్పు ఇచ్చేసరికి లోకం ఆశ్చర్యపోయింది. మొత్తం నివేదిక 1890లో లాన్సెట్ సంచికల్లో వచ్చింది. ఎంత సుదీర్ఘమైన నివేదికయినా, తీరిక లేని వైద్యులకు చేరింది ఆ టెలిగ్రాంలోని నాలుగు పంక్తులే. నేడు వాట్సాప్‌లో ఒక పెద్ద పరిశోధన ఒక్క చిత్రంగా మన ఫోన్‌లోకి వచ్చి పడడం చూసినప్పుడల్లా నాకు ఆ తంతి గుర్తుకొస్తుంది.

లారీ దాని నుంచి ఆచరణ సూత్రాలు తయారుచేశాడు. నాడి పట్టవలసిన అవసరం లేదు. కళ్లు, చెవులు శ్వాస మీదే ఉండాలి. మెడ దగ్గర, నడుము దగ్గర బట్టలు వదులు చేయాలి. శ్వాస ఇబ్బందిగా మారితే వెంటనే మందు తీసివేయాలి. వీటిలో శ్వాసను కనిపెట్టుకొని ఉండమన్న మాట బంగారం వంటిది. దవడ జారి, నాలుక గొంతుకు అడ్డం పడి ఊపిరాడక చనిపోయే రోగులు ఆనాడు కోకొల్లలు. ఆ జాగ్రత్త ఎందరినో బతికించి ఉంటుందనడంలో నాకు సందేహం లేదు. కాని దానితోపాటు ఇంకొక భావం వచ్చి చేరింది. గుండెకు ప్రమాదమే లేనప్పుడు, రోగి చనిపోతే అది మందు ఇచ్చినవాడి అజాగ్రత్తే అయి తీరాలి. సిద్ధాంతానికి ఎదురు నిలిచే ప్రతి మరణాన్నీ ఈ వాదంతో పక్కకు నెట్టేయవచ్చు. తప్పని తేలే దారి లేని సిద్ధాంతం అలా తయారవుతుంది.

ఇంతకూ 490 జంతువుల సాక్ష్యం ఎందుకు చాలలేదు?

మొదటిది లెక్క. క్లోరోఫాం మరణాల మీద చెప్పే అంచనాల్లో ఒకటి, సుమారు 3,000 మందిలో ఒకరు అన్నది. సంఖ్యాశాస్త్రంలో ఒక సులువైన సూత్రం ఉంది. ఒక ఘటన కోసం ఎన్నో కేసులు గమనించి, ఒక్కసారి కూడా చూడలేదనుకోండి. 3ను ఆ కేసుల సంఖ్యతో భాగిస్తే ఎంత వస్తుందో, అంత తరచుగా ఆ ఘటన జరిగే అవకాశం ఇంకా మిగిలే ఉంటుంది. ఆ 490 జంతువులకూ ఒకే విధంగా మత్తు ఇచ్చారనుకున్నా, 163లో ఒకసారి జరిగే ప్రమాదాన్ని కూడా ఆ ప్రయోగాలు పూర్తిగా తోసిపుచ్చలేవు. ఇక 3,000లో ఒకసారి జరిగేదాని మాట చెప్పేదేముంది? ఊళ్లో 490 బావులు తవ్వి, ఎక్కడా పాము కనబడలేదని, ఊళ్లో పాములే లేవన్నట్టుంది. ఈ లెక్క నేటికీ మనకు పనికొస్తుంది. ఒక కొత్త గుండె మందును వెయ్యిమందికి ఇచ్చాము, ఏ దుష్ఫలితమూ కనబడలేదని కంపెనీ ప్రతినిధి చెబితే, 333 మందిలో ఒకరికి వచ్చే ప్రమాదం ఇంకా తెర వెనుక ఉండవచ్చునని మనసులో అనుకోండి.

రెండవది ఇంకా లోతైనది. కమిషన్ అడిగిన ప్రశ్నే వేరు. జంతువుకు క్లోరోఫాం దండిగా పట్టించి, చచ్చిపోయేదాకా ఇస్తే ముందు ఏది ఆగుతుంది? దానికి వారి జవాబు నిజమే: ముందు ఊపిరి ఆగుతుంది. కాని హన్నా గ్రీనర్ అలా చనిపోలేదు. ఆమెకు మత్తు ఇంకా సరిగా ఎక్కనే లేదు. బల్ల మీద వణుకుతూ, పెనుగులాడుతూ ఉన్న మనిషికి తొలి నిమిషాల్లో ఏమి జరుగుతుందన్నది అసలు ప్రశ్న. అధిక మోతాదు మరణాన్ని ఎంత శ్రద్ధగా ఎన్నిసార్లు చూసినా, అల్ప మోతాదు మరణం గురించి అది చెప్పదు.

విచిత్రమేమంటే, సరైన జవాబుకు తాళంచెవి అదే ఏడాది వైద్య పత్రికల్లో అచ్చయింది. 1889 జనవరిలో స్కాట్లండులోని అబర్దీన్ ఆచార్యుడు జాన్ మెక్‌విలియం, మనుషుల్లో హఠాన్మరణానికి గుండె చల్లగా ఆగిపోవడం కాక, జఠరికలు లయ తప్పి గిలగిల కొట్టుకోవడం కారణం కావచ్చునని రాశాడు. దానినే నేడు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటున్నాము. సంచిలో పురుగులు కదిలినట్టు గుండె కండరంలో ప్రతి పోగు దానికదే వణుకుతుంది, రక్తం మాత్రం ముందుకు పోదు. ఆ వ్యాసాన్ని ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

కమిషన్‌కు మొదటి గట్టి దెబ్బ 1893లో కేంబ్రిడ్జి నుంచి తగిలింది. గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శరీరధర్మ శాస్త్రవేత్తలు ఒక తెలివైన ఏర్పాటు చేశారు. ఒక జంతువు మెదడుకు మరొక జంతువు రక్తం అందేలా నాళాలు కలిపారు. ఇప్పుడు క్లోరోఫాంను మెదడుకు మాత్రమే గాని, గుండెకు మాత్రమే గాని పంపవచ్చు. మెదడుకు పంపినప్పుడు రక్తపోటు పడలేదు. గుండెకు పంపినప్పుడు పడింది. అంటే క్లోరోఫాం నేరుగా గుండెనే బలహీనపరుస్తున్నదన్నమాట. వారు తమ నివేదికలో హైదరాబాదు గీతలనే ముందుపెట్టుకొని విమర్శించారు. ఆ గీతలన్నింటినీ దాచకుండా ఫొటోలు తీసి అచ్చువేసినందువల్లనే ఆ విమర్శ సాధ్యమయింది. నేను గర్వించమనేది ఈ విషయానికి. హైదరాబాదు తన తప్పును పట్టుకోవడానికి కావలసిన ఆధారాన్ని తానే లోకం చేతిలో పెట్టింది.

లారీ మాత్రం కదలలేదు. 1901లో హైదరాబాదు విడిచి వెళ్లే ఏడాది కూడా క్లోరోఫాం మీద అదే బోధతో పుస్తకం అచ్చువేశాడు.

అసలు ముడి విప్పినవాడు గుడ్‌మన్ లెవీ అనే లండన్ వైద్యుడు. 1911లో ఆయన పిల్లులకు క్లోరోఫాం కొద్దికొద్దిగా, అంటే మత్తు తేలికగా ఉండేలా ఇచ్చి, తర్వాత కొంచెం అడ్రినలిన్ ఎక్కించాడు. జఠరికలు ఫిబ్రిలేషన్‌లోకి పోయి పిల్లి క్షణాల్లో చనిపోయింది. మత్తు గాఢంగా ఉన్నప్పుడు అదే అడ్రినలిన్ అలా చంపలేదు. థామస్ లూయిస్‌తో కలిసి ఈసీజీ మీద కూడా ఆ లయభంగాన్ని చూపించాడు. అడ్రినలిన్ అంటే భయంలో, ఉద్రేకంలో మన శరీరం తానే విడుదల చేసే రసం. ఇప్పుడు ఆ బాలిక మరణానికి అర్థం దొరికింది. తేలికపాటి క్లోరోఫాం గుండెను ఎండుగడ్డిలా సిద్ధం చేసింది. భయం నిప్పురవ్వ అయింది. గాఢమైన మత్తు ఈ ప్రమాదం నుంచి కాపాడుతుంది గనుక, దండిగా మందు పట్టించిన హైదరాబాదు జంతువుల్లో అది బయటపడే వీలు తగ్గిపోయింది. ఇందుకు కమిషన్‌ను పూర్తిగా నిందించలేము. 1889లో అడ్రినలిన్ అన్నది ఒకటుందని ఎవరికీ తెలియదు. కాని "ఏ ప్రమాదమూ లేదు" అని నొక్కి చెప్పవలసిన అవసరం కూడా వారికి లేదు. "మేము చూసిన పరిస్థితుల్లో కనబడలేదు" అని ఉంటే చరిత్ర వారిని మరోలా తలచుకొనేది.

ఇది పాత కథ అని కొట్టిపారేయకండి. 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేన్ మత్తుకు కూడా ఇదే గుణం కొంత ఉంది. అందుకే హాలోథేన్ ఇస్తున్నప్పుడు రక్తస్రావం తగ్గించడానికి అడ్రినలిన్ సూదులు వేసే శస్త్రవైద్యులకు మోతాదు మించవద్దని పరిమితి పెట్టారు. మా చదువు రోజుల్లో అది మౌఖిక పరీక్షలో తప్పనిసరి ప్రశ్న. నేడు ఎక్కువగా వాడే సెవోఫ్లూరేన్ వంటి మందుల్లో ఆ బెడద చాలా తక్కువ.

సరిగ్గా నూరేళ్ల తర్వాత, 1989లో, ఇదే పొరపాటు మరో వేషంలో అమెరికాలో బయటపడింది. గుండెపోటు వచ్చిన తర్వాత ఈసీజీలో అదనపు స్పందనలు ఎక్కువగా కనబడే రోగులు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువ. కనుక ఆ స్పందనలను మందుతో అణచివేస్తే మరణాలు తగ్గుతాయని వైద్య లోకమంతా నమ్మింది. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ స్పందనలను నిజంగానే తుడిచిపెట్టేవి. ఈసీజీ కాగితం ముత్యాల సరంలా కనబడేది. 'క్యాస్ట్' అనే పరిశోధనలో సగం మందికి ఈ మందులు, సగం మందికి ఉత్త మాత్రలు ఇచ్చి చూశారు. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్త మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. గీత అందంగా మారింది, మనిషి మాత్రం దక్కలేదు. మసి కాగితమయినా, ఈసీజీ కాగితమయినా కొలిచేది ఒకటి, మనకు కావలసింది మరొకటి.

అందువల్ల యువ వైద్య మిత్రులకు ఒక మనవి. గుండె, రక్తనాళాల జబ్బుల మీద ఏ కొత్త పరిశోధన ముఖ్యాంశం మీ కంటపడినా, ఎందరి మీద చేశారన్నది చూసి తృప్తిపడకండి. వారు కొలిచినది రోగి ప్రాణమా, లేక కాగితం మీది అంకెయా అని చూడండి. ఆ రోగులు మీ బల్ల ముందు కూర్చున్న రోగిలాంటివారేనా అని చూడండి. పత్తి మార్కెట్లో ఎండలో బస్తాలు మోసి, బీడీలు కాల్చి, షుగర్ సంగతి ఎన్నడూ చూపించుకోని 45 ఏళ్ల హమాలీ, విదేశీ పరిశోధనలో చేరిన రోగి ఒక్కరు కాదు. ఈ మూడు నిమిషాల పనికి తీరిక లేదనడం నేను ఒప్పుకోను.

రోగులకు కూడా ఒక మాట. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి పలకరించినప్పుడు మీరు వేసుకునే బీపీ మందులు, రక్తం పలుచన చేసే మాత్రలు, ఇదివరకు మత్తు తీసుకున్నప్పుడు జరిగిన ఇబ్బందులు, కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారి సంగతి దాచకుండా చెప్పండి. భయంగా ఉంటే ఆ భయం సంగతి కూడా చెప్పండి. భయం గుండె మీద పనిచేస్తుందని ఇప్పుడు మీకు తెలుసు గదా. ముందు రాత్రి నిద్రకు మాత్ర ఇవ్వడం, ధైర్యం చెప్పడం కూడా మత్తు వైద్యంలో భాగమే. నేటి ఆపరేషన్ గదిలో మానిటరు తెర మీద గుండె గీత, శ్వాస గీత, వేలికి తగిలించిన క్లిప్పు ద్వారా రక్తంలోని ఆక్సిజన్ శాతం మూడూ పక్కపక్కనే నడుస్తుంటాయి. లండన్, ఎడిన్‌బరో పక్షాల పాత జగడం ఆ తెర మీద రాజీ అయింది.

కమిషన్ కథలో ఇంకొక పేరు చెప్పకుండా ఉండలేను. లారీ తన వైద్య పాఠశాలలో 1885లోనే ఆడపిల్లలను చేర్చుకున్నాడు. అలా చేరినవారిలో ఒక పార్సీ యువతి రూపాబాయి ఫర్దూంజీ. చదువు ముగించి, క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరి, కమిషన్ పనుల్లో పాలుపంచుకొన్నారు. ప్రపంచంలో మత్తు వైద్యం చేసిన తొలి మహిళా వైద్యుల్లో ఒకరిగా ఆమెను నేడు గుర్తిస్తున్నారు. బ్రంటన్ లండన్‌కు తిరిగి వెళ్లాడు, లారీ పదవి ముగించుకొని వెళ్లాడు. వారు పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊడ్చుకుపోయింది. రూపాబాయి మరుసటి ఏడాది ఎడిన్‌బరో వెళ్లి పై చదువులు చదివి, మళ్లీ హైదరాబాదుకే వచ్చారు. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా 1920లో పదవీ విరమణ చేసేవరకు ఆమె ఇక్కడి రోగులకే సేవ చేశారు.